ఎగిరే వానకోయిలల గుర్తింపు: ఒక విద్య చరిత్ర

వానకోయిలలు, అంటే స్వాలో, మార్టిన్ అనే పేర్లతో శాస్త్రజ్ఞులు ఎంచే హిరుండినిడే కుటుంబపు పక్షులు, గాలిలోనే పురుగులను పట్టి తింటూ పగటిలో ఎక్కువ భాగం రెక్కల మీదే గడుపుతాయి కనుక, పక్షిని చేతపట్టి కొలిచి జాతిని తేల్చే పాత పద్ధతికి అవి అంత తేలికగా లొంగలేదు. 1758లో లిన్నేయస్ స్విఫ్ట్ పక్షిని సైతం వానకోయిలల ప్రజాతి అయిన హిరుండోలోనే చేర్చాడు. పొడవాటి రెక్కలు, ఆకాశంలో వేటాడే తీరు రెండింటికీ ఒకటే గాని వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు, స్కోపోలి 1777లో స్విఫ్ట్‌ను ఏపస్ అనే వేరు ప్రజాతిగా విడదీశాడు.

ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామంలో చర్చి మతగురువైన గిల్బర్ట్ వైట్ మాత్రం ఈ పక్షులను ప్రధానంగా వాటి నడవడిని బట్టి వేరుచేశాడు. 1774, 1775లలో రాయల్ సొసైటీ ముందు చదివిన అతని వ్యాసాలు 1789 నాటి గ్రంథంలో చేరాయి. ఇసుక గట్లలో బొరియలు తవ్వే గోధుమరంగు సాండ్ మార్టిన్ సీతాకోకచిలుకలా కుదుపులతో తడబడుతూ ఎగురుతుందని అందులో అతడు రాసినప్పుడు, ఎగిరే తీరే ఒక జాతి లక్షణమయింది. ఆ కాలానికి అది అరుదైన చూపు.

తరువాతి శతాబ్దం ఆ దారిన పోలేదు. మ్యూజియం సొరుగుల్లోని ఎండు చర్మాలే ప్రమాణమయ్యాయి. అమెరికాలో ఎలియట్ కూస్ వంటి పండితులు పక్షి శాస్త్రానికి తుపాకీనే ప్రధాన సాధనంగా బోధించారు. ఆడుబాన్ 1838లో వర్ణించిన రఫ్‌వింగ్డ్ స్వాలో ఇందుకు చక్కని నిదర్శనం: మగపక్షి రెక్క అంచు ఈక వేలికి రంపపు పళ్లలా తగులుతుందన్న లక్షణం మీదనే దాని పేరు నిలిచింది, కాని ఆకాశంలో ఆ గరుకుదనం ఎవరి కంటికీ ఆనదు. పైభాగం గోధుమరంగులో ఉండే ఈ పక్షికీ సాండ్ మార్టిన్‌కూ దూరం నుంచి కనిపించే తేడా ఛాతీలో ఉంది. సాండ్ మార్టిన్‌కు తెల్లని ఛాతీ మీద గోధుమరంగు పట్టీ స్పష్టంగా అడ్డుగా ఉండగా, రఫ్‌వింగ్డ్ స్వాలోకు పట్టీ లేక గొంతంతా మసకబారి ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ప్రిజం బైనాక్యులర్ అందుబాటులోకి వచ్చాకే ఇటువంటి తేడాలకు విలువ పెరిగింది. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ తన కరదీపికలో ముఖ్యమైన గుర్తులకు బాణపు గీతలు చూపి, చంపకుండా గుర్తుపట్టే ఈ విద్యను సామాన్యులకు చేర్చాడు.

భారతదేశంలోనూ మార్పు ఇదే వరుసలో సాగింది. 1931–32లో సాలిం అలీ నిజాం రాజ్యంలో జరిపిన పక్షి సర్వే నమూనాల సేకరణ మీద ఆధారపడినదే. 1941లో వెలువడిన అతని భారతీయ పక్షుల పుస్తకం రంగు బొమ్మలతో ప్రధానంగా చూపరి కోసం తయారైంది. తెలుగు నేల చెరువుల మీద ఈనాటికీ ఆ విద్యకు పరీక్ష ఉంది. ఎర్రని నడుము, గీతల పొట్ట ఉంటే రెడ్‌రంప్డ్ స్వాలో. చిన్న ఒడలు, గీతల గొంతు, దాదాపు చీలిక లేని తోక ఉంటే స్ట్రీక్‌త్రోటెడ్ స్వాలో. తీగతోక వానకోయిల దగ్గర మాత్రం పేరును నమ్ముకోరాదు, ఎందుకంటే పిల్లపక్షులకు ఆ తీగలు ఉండవు, పెద్దవాటివి విరిగిపోవచ్చు, ఉన్నా దూరానికి కనపడవు. గొంతు నుంచి తోక మొదలు వరకు మచ్చలేని తెల్లదనమే అక్కడ నమ్మదగిన గుర్తు.