ఊరి రిపోర్టు ఊరికి చేరడానికి

ఆఫీసులో ఏ రిపోర్టు రాసినా ఎవరెవరికి పంపాలో ఒక జాబితా ఉంటుంది. రెండొందల ఏళ్ల కిందట కడప పల్లెల మీద రాయించిన రిపోర్టులకీ జాబితా ఉండుంటే, అందులో ఆ పల్లెలు మాత్రం ఉండేవి కావు.

1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాయి. ఆ తర్వాత కల్నల్ మెకంజీ కోసం కావలి లక్ష్మయ్య లాంటివాళ్లు మనుషుల్ని ఊరూరా తిప్పారు. చెరువెవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరిచ్చారు అన్నవి కరణాల కవిలెల్లోంచి రాయించారు. అవే కైఫీయత్తులు. మాన్యాల సంగతి కదా, కొందరు కాస్త కలిపి రాసే ఉంటారు లెండి!

1821లో మెకంజీ పోయాక ఆ సేకరణని కంపెనీ లక్ష రూపాయలకి కొంది. 1828లో విల్సన్ కలకత్తాలో కేటలాగు వేశాడు, అదీ ఇంగ్లీషులో. మద్రాసు చేరిన తెలుగు కాగితాలు పాడైపోతుంటే, సీపీ బ్రౌన్ జీతాలిచ్చి నకళ్లు రాయించాడు. చివరికి కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట వెలిసిన భాషా పరిశోధన కేంద్రమే కడప కైఫీయత్తుల్ని సంపుటాలుగా అచ్చేసింది.

అట్ట మీద ఇప్పటికీ మెకంజీ పేరే తలుచుకుంటాం, కరణాన్ని కాదు. పోనీ, ఆయన ఊరివాళ్లైనా చదువుకోగలుగుతున్నారు. నన్నడిగితే రిపోర్టు పూర్తయ్యేది సంతకం పెట్టినప్పుడు కాదు, ఎవరి గురించి రాశామో వాళ్ల చేతికి అందినప్పుడు.