నారింజ తొక్క, కండచక్కెర: సూరతు రేవు చెప్పే చరిత్ర

మన చరిత్ర రచనలో రాజుల దండయాత్రలకూ, రేవుల వర్తకానికీ లభించిన స్థానం వంటింటికి లభించలేదు. ఏ ఓడలో ఎన్ని మూటల నీలిమందు వెళ్ళిందో, ఎన్ని బేళ్ళ బట్ట వెళ్ళిందో లెక్క చెప్పే దస్తావేజులు, అదే రేవు పట్టణంలోని ఇల్లాలు పండు ఒలిచిన తరువాత తొక్కను ఏం చేసేదో చెప్పవు. ఈ లోపాన్ని కొంతవరకైనా పూరించగల ఆధారాలు రెండున్నాయి. ఒకటి పదాల చరిత్ర, రెండవది ధరల చరిత్ర. ఈ రెండింటి సాయంతో ఒక చిన్న పదార్థాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నారింజ, దబ్బ, మాదీఫలం మొదలైన నిమ్మజాతి పండ్ల తొక్కను చక్కెర పాకంలో ఊరవేసి ఆరబెట్టిన తీపి తునకలు నేడు బేకరీలలోనూ, క్రిస్మస్ కేకులలోనూ కనిపిస్తాయి. వీటిని మనం పాశ్చాత్యుల పదార్థంగానే భావిస్తాం. కాని పండు మన ప్రాంతానిది, చక్కెర తయారీ మన దేశపు విద్య, వాటి పేర్లు మన భాషల నుండి వెళ్ళినవి. అయినప్పటికీ తెలుగునాట తొక్క చక్కెరలోకి కాక ఉప్పులోకి వెళ్ళింది. ఇందుకు కారణమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మొగలుల కాలంలో పశ్చిమ తీరాన ప్రధాన రేవుగా వెలసిన సూరతు అనువైన చోటు.

పదాల ప్రయాణం

సంస్కృతంలో 'ఖండ' శబ్దానికి ముక్క అని అర్థం. గడ్డకట్టిన చక్కెరకు కూడా అది పేరైంది. పారశీకంలో 'కంద్'గా, అరబ్బీలో 'కందీ'గా మారి, ఫ్రెంచి భాష ద్వారా ఇంగ్లీషులో 'క్యాండీ' అయింది. 'శర్కర' ఇదే విధంగా పారశీక, అరబ్బీ భాషల మీదుగా యూరోపు చేరి 'షుగర్' అయింది. మన 'చక్కెర' ఆ శర్కరకు ప్రాకృత మార్గాన వచ్చిన తోబుట్టువు. 'నారంగ' శబ్దం పారశీకంలో 'నారంగ్', అరబ్బీలో 'నారంజ్', స్పానిష్‌లో 'నారాంహా' అయి, చివరకు 'ఆరెంజ్' రూపం దాల్చింది. ఈ నారంగ శబ్దానికి ద్రావిడ మూలం ఉన్నదని పలువురు భాషావేత్తల అభిప్రాయం.

తెలుగులో 'కండచక్కెర', 'కలకండ' అన్న మాటలలో ఖండ శబ్దం నేటికీ నిలిచి ఉంది. గుజరాతీలో అది మరింత సామాన్యమైన మాట. అక్కడ రోజూ టీలో వేసుకొనే చక్కెర 'ఖాండ్', పటికబెల్లం 'సాకర్'. సూరతు జిల్లాలోని సహకార చక్కెర కర్మాగారాల పేర్లలో 'ఖాండ్ ఉద్యోగ్ మండలీ' అన్న మాటలు కనిపిస్తాయి. బార్డోలీ సహకార కర్మాగారం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రపంచమంతా తిరిగిన మాట పుట్టింటిలో ఇంకా వాడుకలో ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

బాబరు గమనించిన తొక్క

నిమ్మజాతి వృక్షాల పుట్టుక ఈశాన్య భారతం, మయన్మార్, నైరుతి చైనా ప్రాంతాలలోని హిమాలయ పాదభూములలో జరిగిందని 2018లో వెలువడిన జన్యు పరిశోధన నిర్ధారించింది. వీటిలో మాదీఫలానికి, అంటే మాతులుంగానికి, మన సంస్కృతిలో ప్రత్యేక గౌరవం ఉంది. కొల్హాపురి మహాలక్ష్మి చేతిలోని ఫలం మాతులుంగమే. గుజరాతులోని కాయావరోహణతో సంబంధమున్న లకులీశుని శిల్పాలలో ఒక చేత దండం, మరొక చేత ఈ ఫలం ఉంటాయి. ఆయుర్వేద గ్రంథాలు దీని తొక్క గుణాలనూ, గుజ్జు గుణాలనూ, కేసరాల గుణాలనూ విడివిడిగా చెప్పాయి. తొక్కను పారవేయదగిన వస్తువుగా కాక ప్రత్యేక ద్రవ్యంగా మన పూర్వులు పరిగణించారనడానికి ఇది నిదర్శనం.

16వ శతాబ్ది పూర్వార్ధంలో బాబరు తన ఆత్మకథలో హిందుస్థానపు నిమ్మజాతి పండ్లను వరుసగా వర్ణించాడు. మాదీఫలంలో రెండు రకాలున్నాయనీ, అందులో తియ్యని రకం తినడానికి పనికిరాకపోయినా దాని తొక్క మురబ్బాకు పనికివస్తుందనీ వ్రాశాడు. యుద్ధ వ్యాపారాలలో మునిగిన పాదుషా ఒక పండు తొక్క ప్రయోజనాన్ని గురించి వ్రాయడం గమనార్హం. మురబ్బా అన్నది అరబ్బీ మాట. పండును పాకంలో నిలవచేసే విధానానికి అది పేరు. అంటే తొక్కను చక్కెరలో నిలవచేయడం ఆంగ్లేయ, డచ్చి వర్తకులు రాకముందే ఈ దేశపు సంపన్న వర్గాలకు తెలిసిన పనే. అది సామాన్యుని ఇంటికి ఎందుకు చేరలేదన్నదే అసలు ప్రశ్న.

ఉప్పు ధర, చక్కెర ధర

ఇందుకు సమాధానం అబుల్ ఫజల్ కూర్చిన 'ఐన్-ఇ-అక్బరీ'లోని ధరల పట్టికలో లభిస్తుంది. ఆ పట్టిక ప్రకారం మణుగు గోధుమల ధర 12 దాములు, ఉప్పు 16 దాములు, ముడి చక్కెర 56 దాములు, తెల్ల చక్కెర 128 దాములు. కండచక్కెర ధర సేరుకు 5½ దాములు. నలభై సేర్ల మణుగుకు లెక్కగడితే 220 దాములు. అదే గ్రంథం సామాన్య కూలీల దినవేతనం 2 దాముల నుండి మొదలవుతుందని చెబుతున్నది.

ఈ అంకెలను వంటింటి లెక్కలోకి మార్చి చూడాలి. సేరు తొక్కను పాకం పట్టడానికి కనీసం సేరు తెల్ల చక్కెర కావాలి. దాని వెల 3.2 దాములు, అనగా కూలీ మనిషికి ఒకటిన్నర రోజుల సంపాదనకు పైగా. అదే తొక్కను ఊరవేయడానికి పావు సేరు ఉప్పు చాలు. దాని వెల దాములో పదో వంతు. ఒకే తొక్క, ఒకే ప్రయోజనం. వ్యయంలో ముప్పై రెట్ల తేడా. ఇవి ఆగ్రా పరిసరాల ధరలే అయినా, తీరం వెంట ఉప్పు పండే గుజరాతు, ఆంధ్ర ప్రాంతాలలో ఉప్పు మరింత ప్రియమై ఉంటుందని భావించలేము. మన ఊరగాయల సంప్రదాయాన్ని రుచి నిర్ణయించిందని సాధారణంగా అనుకుంటాం. ఆ రుచి వెనుక ఈ లెక్క ఉన్నది.

తెలుగునాట చెరకు లేకపోలేదు. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో ఉండి పరిశోధనలు సాగించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, పెద్దాపురం, పిఠాపురం ప్రాంతాల చెరకు సాగునూ, బెల్లం, చక్కెరల తయారీనీ వివరంగా నమోదు చేశాడు. కాని సామాన్య గృహానికి అందుబాటులో ఉన్నది బెల్లం. బెల్లం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దానితో పట్టిన తొక్క ఎండి నిలవదు. అందుచేతనే మన ఇళ్ళలో నారింజ తొక్కకు చింతపండు, బెల్లం, మిరపకాయ చేర్చి పచ్చడి చేశారు. దబ్బకాయను ఉప్పుకారాలతో ఊరవేశారు. కమలా తొక్కలను ఎండబెట్టి సున్నిపిండిలో కలిపారు. తొక్కను వృథా చేయలేదు. వారి చేతిలో ఉన్న సామగ్రి చూపిన దారిన నడిచారు.

మచిలీపట్నం నుండి సూరతు దాకా

1573లో అక్బరు వశమైన సూరతు, మక్కా యాత్రికుల ఓడలకూ, ఎర్రసముద్ర వర్తకానికీ కేంద్రమైంది. తాపీ నది ముఖద్వారం వద్ద ఇసుక మేటల కారణంగా పెద్ద ఓడలు సువాలీ తీరాన లంగరు వేసేవి. ఆంగ్లేయులు 1613లోనూ, డచ్చివారు 1616లోనూ ఇక్కడ వర్తక కోఠీలు నెలకొల్పారు. అంతకు పూర్వమే, 1611లో, ఆంగ్లేయులు మచిలీపట్నంలో అడుగుపెట్టిన సంగతి విదితమే. ఈ రెండు రేవులకూ ఉమ్మడి వ్యక్తి ఒకడున్నాడు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో పనిచేసి గోలకొండ రాజ్యాన్ని గురించి వ్రాసిన విలియం మెత్‌వోల్డ్, 1633 నుండి 1638 వరకు సూరతు కోఠీకి అధ్యక్షుడు. 1638లో జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో సూరతు వచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చినది ఇతడే.

ఆ కోఠీలోని ఆంగ్లేయులు సారాయి, పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపిన పానీయం సేవించడాన్ని మాండెల్‌స్లో వర్ణించాడు. అదే తరువాత 'పంచ్'గా ప్రసిద్ధికెక్కింది. ఈ మాటకు హిందుస్థానీలోని ఐదు అనే అర్థమే మూలమని 1670 దశకంలో మచిలీపట్నం, సూరతు రెండూ చూసిన వైద్యుడు జాన్ ఫ్రయర్ వ్రాశాడు. ఇంగ్లీషు పత్రాలలో ఈ పానీయం పేరు తొలిసారి కనిపించేది 1632 నాటి ఒక లేఖలో. ఆ లేఖ వెళ్ళిన చోటు పెటపోలి, అనగా నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం.

నిమ్మరసం పాత్రలోకి పోయిన తరువాత తొక్క ఏమైందో ఈ రచనలేవీ చెప్పవు. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. అదే 17వ శతాబ్దిలో ఇంగ్లండు సంపన్న గృహాలలోని స్త్రీలు నారింజ, నిమ్మ తొక్కలను పాకం పట్టే విధానాలను ఇంటి పుస్తకాలలో వ్రాసి ఉంచుకొనేవారు. అవి నేడు అక్కడి గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. మన దేశంలో 'మానసోల్లాసం' వంటి రాజాస్థాన గ్రంథాలు మిగిలాయి గాని, గృహిణుల విద్య నోటిమాటగానే సాగింది.

డచ్చివారు జావా చక్కెరను సూరతు విపణికి తెచ్చి అమ్మారు. వంగ దేశపు చక్కెర కూడా ఇక్కడికి వచ్చేది. సూరతులోని డచ్చి శ్మశానంలో 1691లో మరణించిన హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి ఉంది. కేరళ ఓషధులపై పన్నెండు సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' వెలువరించినది ఇతడే. అందులో నిమ్మ కుటుంబానికి చెందిన కొన్ని మొక్కల పేర్లు 'నారెగం' అనే పదంతో ముగుస్తాయి. మన నారింజకు అది దగ్గరి చుట్టం.

పాకంలోని శాస్త్రం

ఇంటిలో ఈ పదార్థం తయారుచేయడం కష్టమైన పని కాదు గాని ఓర్పు కావాలి. దళసరి తొక్క ఉన్న నారింజ, బత్తాయి, దబ్బ, పంపరపనస ఇందుకు అనుకూలం. పలుచని తొక్క ఉన్న చిన్న నిమ్మ పనికిరాదు. తొక్కను వేలెడు ముక్కలుగా కోసి నీళ్ళలో ఉడికించి, ఆ నీరు పారబోయాలి. ఇలా రెండు మూడు మార్లు చేస్తే చేదు చాలావరకు పోయి ముక్క మెత్తబడుతుంది. పావుకిలో ముక్కలకు అంతే తూకం చక్కెర, మునగడానికి చాలినన్ని నీళ్ళు చేర్చి సన్నని సెగపై లేతపాకంలో మరగనిచ్చి రాత్రంతా ఉంచాలి. మరునాడు పాకాన్ని కొంచెం ముదరనివ్వాలి. ఇలా రెండు మూడు రోజులు చేస్తే ముక్కలు గాజులాగా పారదర్శకమవుతాయి. వాటిని జల్లెడపై పరచి నీడన ఆరబెట్టి చక్కెరలో దొర్లిస్తే సరిపోతుంది.

మొదటి రోజే ముదురుపాకంలో వేస్తే, ముక్కలోని నీరు త్వరగా బయటికి లాగబడి తొక్క ముడుచుకొని గట్టిపడుతుంది. క్రమంగా ముదిరే పాకంలో నీరు బయటికి పోతుండగా చక్కెర లోపలికి చేరుతుంది. చక్కెర తగిన పాలు నిండిన తరువాత సూక్ష్మజీవులు బ్రతకడానికి నీరు చాలదు. ఉప్పు చేసే పనీ ఇదే. 1955 నాటి ఫలోత్పత్తుల ఉత్తర్వు పాకం పట్టిన తొక్కలో మొత్తం చక్కెర 70 శాతానికి తగ్గరాదనీ, అందులో కనీసం నాలుగో వంతు విలోమ చక్కెర ఉండాలనీ నిర్దేశించింది. పాకం పలుకులు కట్టకుండా మన ఇళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండడం అందరికీ తెలిసినదే. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని విలోమ చక్కెరగా మారుస్తుంది. ఉత్తర్వు శాతాలలో చెప్పిన దానిని ఇల్లాలు చుక్కలలో పాటించింది.

తిరిగి వచ్చిన విద్య

1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టంతో పరిస్థితి మారింది. దేశంలో కర్మాగారాలు త్వరత్వరగా పెరిగాయి. తెలుగునాట 1933లో ఏటికొప్పాక సహకార కర్మాగారం, 1937లో బోధన్‌లోని నిజాం కర్మాగారం వెలిశాయి. స్వాతంత్ర్యానంతరం దక్షిణ గుజరాతు సహకార చక్కెరకు పేరుగాంచింది. తెల్ల చక్కెర రేషను దుకాణంలో దొరికే వస్తువైన తరువాతనే, ఒకప్పుడు పాదుషా ఇంటికి పరిమితమైన పని ఏ ఇంటిలోనైనా సాధ్యమయింది.

నేటి సూరతు ఇళ్ళలో ఈ విద్యకు దగ్గరి బంధువు 'ఛూందో'. తురిమిన పచ్చిమామిడిని చక్కెరతో కలిపి, వాసెన కట్టిన పాత్రలో కొన్ని రోజులు ఎండలో ఉంచి, తీగపాకం వచ్చేవరకు నిలిపే పద్ధతి అది. పొయ్యి చేసే పని సూర్యుడు చేస్తాడు. తొక్కల పాకానికి మాత్రం చలికాలం అనువైనది. అప్పుడు నాగపూరు కమలాలు విపణిలోకి వస్తాయి, తీరప్రాంతపు గాలిలో తేమ తగ్గుతుంది. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి సూరతులో మరమగ్గాలపై జీవిస్తున్న పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటలలో ఉన్నాయి. ఉప్పుతో నిలవచేసే తెలుగు సంప్రదాయమూ, చక్కెరతో నిలవచేసే గుజరాతీ సంప్రదాయమూ ఇరుగుపొరుగుగా ఉన్న చోటు అది.

తొక్కను ఉప్పులో వేసిన ఇల్లాలు చక్కెర విద్య తెలియక అలా చేయలేదు. ధాన్యం ధర, కూలి ధర, ఉప్పు ధర తెలిసి చేసింది. ఆ నిర్ణయం ఏ కోఠీ దస్తావేజులోనూ నమోదు కాలేదు. కోటలనూ శాసనాలనూ కాపాడే మన సంస్థలు జిల్లాకొక పుస్తకంగానైనా ఇళ్ళలోని నిలవ పదార్థాల విధానాలను, వాటి కొలతలతోనూ, స్థానిక నామాలతోనూ సేకరించడం అవసరం. ఆ విద్య తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే ఈ పని సాధ్యమవుతుంది. ఇప్పటికే మన పిల్లలలో చాలామందికి దబ్బకాయ తెలుసు గాని మాదీఫలం తెలియదు.