ఉక్కు, జౌహర్, తుప్పు: వేట తుపాకి గొట్టపు పూత చరిత్ర

ఇస్లామీయ దేశాల ఆయుధ విద్యను గురించి వ్రాసిన చరిత్రకారులలో ఎక్కువమంది ఉక్కు ఎలా తయారైందన్న విషయం మీదనే దృష్టి నిలిపారు. మూసలో కరిగిన ఉక్కు, దమస్కు ఖడ్గం, కోనసముద్రపు కొలుములు మొదలైనవి పలుమార్లు చర్చకు వచ్చాయి. ఆ ఉక్కు ఆయుధంగా మారిన తరువాత దానిని వానలోనూ, చేతి చెమటలోనూ, మందుగుండు మసిలోనూ ఎలా నిలబెట్టుకున్నారన్న ప్రశ్నకు మాత్రం వారు రెండు మూడు వాక్యాలతో సరిపెట్టారు. తుపాకి కొన్నవాని చింత మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అందులోనూ వేటగాని తుపాకి కోట గోడ మీది ఫిరంగి వంటిది కాదు. అది రాత్రంతా మంచులో మంచె మీద పడి ఉంటుంది, వాగు దాటుతుంది, వేటలో పశువు నెత్తురు కూడా దాని మీద పడుతుంది.

మొదట మాటల సంగతి చూడాలి. ఇనుముకు పట్టే దానిని అరబీలో 'సదా' అంటారు, ఫారసీలో 'జంగ్' అంటారు. తెలుగులో ఇనుముకు తుప్పు, రాగి ఇత్తడులకు చిలుము అని రెండు వేరు మాటలున్నాయి. ఈ భేదం శాస్త్రరీత్యా కూడా సరైనదే. రాగి మీది చిలుము లోహానికి అంటుకొని లోపలి భాగాన్ని చాలావరకు కాపాడుతుంది. ఇనుప తుప్పు వదులుగా, పొడిపొడిగా ఉండి, తేమను పీల్చి, కింది లోహాన్ని తినివేస్తూనే ఉంటుంది. ఆయుధం మీద తుప్పును రాచి తీసి మెరుగు పెట్టేవానిని 'సైఖల్‌గర్' అన్నారు. ఉత్తర భారతంలో సికిలీగర్లు అనే కులనామం ఈ మాట నుండి వచ్చినదే.

సూఫీ సాహిత్యంలో హృదయాన్ని అద్దంతో పోల్చడం, తుప్పు వదిలేలా దానికి మెరుగు పెట్టాలనడం సర్వసాధారణం. ఆనాటి అద్దం గాజు కాదు, ఉక్కు పలక అని గుర్తుంచుకుంటేనే ఆ పోలిక బోధపడుతుంది. మౌలానా రూమీ మస్నవీలో రూమ్ చిత్రకారులకూ చీనా చిత్రకారులకూ జరిగిన పోటీ కథ మెరుగు మీదనే నడుస్తుంది. అద్దానికి పూత పనికిరాదు; పూసిన మరుక్షణమే అది అద్దం కాకుండా పోతుంది. కాబట్టి సాహిత్యానికి తెలిసిన వైద్యం మెరుగు ఒక్కటే. ఆయుధశాలకు మరొకటి కూడా తెలుసు. అది కొంత విడ్డూరంగా తోస్తుంది: తుప్పును తుప్పుతోనే కట్టివేయడం.

దీనికి పూర్వరంగం ఖడ్గాల కాలంలోనే కనిపిస్తుంది. 9వ శతాబ్దిలో తత్వవేత్త అల్‌కిందీ అబ్బాసీ ఖలీఫా ముఅతసిమ్ (పాలన 833-842) కోరిక మీద ఖడ్గాల రకాలను గురించి ఒక రిసాలా వ్రాశాడు. ఏ దేశపు ఖడ్గం ఏదో పోల్చుకోవడానికి ఆయన చెప్పిన గుర్తులలో ముఖ్యమైనవి ఉక్కు నేల రంగు, దాని మీద తేలే గీతల తీరు. ఈ గీతలనే అరబీలో 'ఫిరింద్' అనీ, తరువాతి కాలంలో 'జౌహర్' అనీ పిలిచారు. అవి ఉత్త మెరుగుతో స్పష్టంగా కనబడవు. ఉక్కుకు ఒక మందు పూయాలి. ఆ మందు పేరు 'జాజ్'. అల్‌బీరూనీ గజనీ సుల్తాను మౌదూద్ (పాలన 1041-1048) కాలంలో రత్నాలు, లోహాలను గురించి రచించిన కితాబుల్ జమాహిర్‌లో జౌహర్‌ను తేల్చడానికి వాడే బామియాన్ ప్రాంతపు జాజ్ ప్రస్తావన ఉంది. అంతకు ముందే వైద్యుడు రాజీ (మరణం 925) ఖనిజాలను తరగతులుగా విభజిస్తూ జాజ్ రకాలకు ప్రత్యేకంగా ఒక తరగతి కేటాయించాడు.

ఈ జాజ్ మనకు కొత్త వస్తువు కాదు. పచ్చని జాజ్ అంటే మన అన్నభేది, నీలపుది మైలుతుత్తం. మూసలో కరిగిన ఉక్కులో బొగ్గుపాలు ఎక్కువగా ఉన్న గట్టి రేణువులు వరుసలు కట్టి ఉంటాయి. జాజ్ ద్రవం మెత్తని ఇనుమును కొరికి నల్లబరుస్తుంది, గట్టి రేణువులను అంతగా తాకదు. అందువల్ల నల్లని నేల మీద తెల్లని గీతలు తేలుతాయి. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తరచు వినబడుతుంది: ఈ మందు పూత ఖడ్గాన్ని తుప్పు నుండి కాపాడేదని. అది సరికాదు. మందు కొరికిన ఉక్కు, నున్నని ఉక్కు కంటె త్వరగా తుప్పు పడుతుంది. ఖడ్గానికి ఒర ఉంది, నూనె ఉంది, రోజూ తీసి తుడిచే సేవకుడు ఉన్నాడు, కనుక సరిపోయింది. జాజ్ పని ఉక్కు జాతిని చాటడం, దానికి రక్షణ కల్పించడం కాదు.

తుపాకి వచ్చాక లెక్క మారింది. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో అక్బరు చక్రవర్తి తుపాకుల కార్ఖానాను చాలా శ్రద్ధగా వర్ణించాడు. పూర్వం రేకును గొట్టంగా వంచి అంచులు అతికేవారు, అది పేలిపోయేది. అక్బరు కాలంలో ఇనుప పట్టీని ఏటవాలుగా చుట్టి, ఒక చుట్టు మీదికి మరో చుట్టు ఎక్కేలా కాల్చి అతకడం మొదలైంది. నిండా మందు కూరి కాల్చినా పగలనంత గట్టిగా వచ్చాయని అబుల్ ఫజల్ వ్రాశాడు. 'సంగ్రామ్' అనే తుపాకి ఈ వరుసలో మొదటిది. 1568లో చిత్తోడ్ ముట్టడిలో జయమల్‌ను పడగొట్టినది అదే. దానితో అక్బరు వేటాడిన జంతువులు వెయ్యి పైచిలుకు అని అబుల్ ఫజల్ లెక్క చెప్పాడు; తండ్రి చేతిలోని ఆ తుపాకిని గురించి జహంగీరు కూడా తన తుజుక్‌లో గర్వంగా వ్రాసుకున్నాడు. (తూటా తగిలి, జబహ్ చేయకముందే చనిపోయిన జంతువు తినదగినదా కాదా అన్నది ఫిఖ్హ్‌లో ఒక ప్రత్యేక చర్చ. హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ కాదన్నాడు. యమన్ పండితుడు షౌకానీ సమ్మతించాడు.)

అదే అధ్యాయంలో ఒక చిన్న విషయం ఉంది. తుపాకి గొట్టాలను శుభ్రం చేయడానికి బలమైన మనిషి ఇనుప పనిముట్లతో చాలాసేపు శ్రమపడవలసి వచ్చేదట. అక్బరు ఒక చక్రం చేయించాడు. ఒక్క ఎద్దు దానిని తిప్పితే పదహారు గొట్టాలు ఒక్కసారే శుభ్రపడేవి. దీనిని చక్రవర్తి బుద్ధి కుశలతకు నిదర్శనంగానే అందరూ ఉదాహరిస్తారు. కాని అంతటి యంత్రం అవసరమైందంటే తుప్పు, మసి ఎంతగా బాధించాయో అది చెబుతున్నది. నల్లమందు కాలిన తరువాత మిగిలే మసిలో క్షార లవణాలున్నాయి. అవి గాలిలోని తేమను పీలుస్తాయి. వానాకాలంలో ఒక రాత్రి కడగక వదిలితే తెల్లవారేసరికి గొట్టం లోపల తుప్పు కనబడుతుంది. దీనికి ఏ పూతా లేదు. వేడినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, నూనె రాయాలి. పూత అన్నది గొట్టం వెలుపలి భాగానికే. తుపాకి కొనేవారు తరచు మరచేది ఈ సంగతినే.

వెలుపలి భాగానికి సంపన్నులు కోరినది బంగారం. ఉక్కు మీద సన్నని అడ్డదిడ్డపు గాట్లు గీసి, బంగారు తీగెను అదిమి కొట్టే పనిని 'కోఫ్త్‌గరీ' అంటారు. పురుషునికి బంగారం నిషిద్ధమైనప్పుడు ఇది ఎలా చెల్లింది? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఖడ్గపు పిడి మొన వెండిదని హదీసులలో ఉంది. కాబట్టి ఆయుధానికి వెండి అలంకారం పట్ల హనఫీలకు అభ్యంతరం లేదు. బంగారం విషయంలో హిదాయా కర్త మర్గీనానీ (మరణం 1197) ఒక గీత గీశాడు: వేరు చేసి తీయడానికి వీలుకాని పలుచని పూత అయితే దోషం లేదని. మరి కోఫ్త్‌గరీ ఏ కోవలోకి వస్తుంది? చూపుకు అది పూత. కాని గాట్లలో అదిమిన తీగెను పట్టి లాగితే ఊడి వస్తుంది. దీని మీద కంసాలి ఒక మాట, ఖాజీ ఒక మాట చెప్పడానికి అవకాశం ఉంది. ధర్మశాస్త్రం మాట అలా ఉంచి, లోహశాస్త్రం మాత్రం దీనికి అనుకూలంగా లేదు. గాట్లలో తేమ నిలుస్తుంది. తడిసిన బంగారం ఉక్కును ఆనుకొని ఉంటే ఉక్కు మరింత వేగంగా క్షీణిస్తుంది. పాత కోఫ్త్‌గరీ తుపాకుల మీద బంగారు పువ్వు రేకు చుట్టూ సన్నని ఎర్రని తుప్పు గీత కనబడడానికి కారణం ఇదే. దర్బారులో చూపడానికి అది తగినది. అడవికి తగినది కాదు.

రెండవ మార్గం కాల్చి నీలం తెప్పించడం. శుభ్రమైన ఉక్కును వేడి చేస్తే మొదట గడ్డి రంగు, తరువాత ఊదా, 300 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులలో నీలం వస్తాయి. నెమలి కంఠంలా ఉండే ఈ రంగు కన్నును కట్టివేస్తుంది. కాని ఆ పొర అతి పలుచన. ఒక వేటకాలం చేతుల్లో నలిగితే అంచుల దగ్గర తెల్లబడుతుంది.

మూడవది గోధుమ రంగు పూత. వేటగానికి నిజంగా పనికివచ్చినది ఇదే. గొట్టాన్ని సున్నంతోనో బూడిదతోనో రుద్ది జిడ్డు పూర్తిగా తీస్తారు. ఆ తరువాత దానిని వట్టి చేత్తో ముట్టరాదు. వేలిముద్ర పడిన చోట మందు పట్టదు. మైలుతుత్తం, నవాసాగరం, ఇనుప లవణం, కొంచెం ఆమ్లం కలిపిన ద్రవాన్ని పలుచగా పూసి తేమగా ఉన్న గదిలో వదులుతారు. కొన్ని గంటలలో గొట్టమంతా సన్నని ఎర్రని తుప్పు కమ్ముతుంది. పైన వదులుగా ఉన్న దానిని కుంచెతో దులిపి మళ్లీ పూస్తారు. ఇలా రోజుల తరబడి చేస్తే వదులు తుప్పు పోయి, లోహాన్ని అంటిపెట్టుకున్న గట్టి పొర మిగులుతుంది. చివర క్షారజలంతో కడిగి మందు చావగొట్టి, మైనమో నూనో పట్టిస్తారు. ప్రతి విడతా మరిగే నీటిలో ముంచితే ఎర్రని తుప్పు నల్లని అయస్కాంత ఆక్సైడుగా మారి గొట్టం నీలి నలుపు తేరుతుంది. ఆ పొర నూనెను స్పంజిలా పట్టి ఉంచుతుంది. దాని బలమంతా అక్కడే ఉంది. నూనె లేని గోధుమ పూత సగం పూతే. (మన బీదరు పనివారు కూడా నవాసాగరాన్నే వాడతారు. కోట మట్టితో కలిపి మరిగించి పళ్లెం నేలను నల్లబరుస్తారు. అక్కడి లోహం జస్తం, ఇనుము కాదు. కనుక రసాయనం వేరు.)

ఈ పూతకు మరొక గుణం ఉంది. చుట్టి అతికిన గొట్టంలో ఉక్కు, ఇనుము పొరలు మందును వేరువేరుగా పీల్చుతాయి. కాబట్టి జౌహర్ వంటి సుడులు పూతలోనే తేలుతాయి. ఖడ్గం విషయంలో విడివిడిగా ఉన్న రెండు ప్రయోజనాలు, జాతిని చాటడం, తుప్పును ఆపడం, ఇక్కడ ఒకే పూతలో కలిశాయి. ఉస్మానీ తుర్కుల గొట్టాలు ఐరోపా వేటగాళ్లకు ఎంతగా నచ్చాయంటే, వాటిని తెచ్చి తమ కొయ్య, తమ చెకుముకి యంత్రం బిగించుకునేవారు. తరువాత లియేజ్, బర్మింగ్‌హామ్ పనివారు ఆ సుడుల గొట్టాలను తామే చేసి 'దమస్కు గొట్టాలు' అన్న పేరుతో అమ్మారు. 1800లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన బేకర్ రైఫిలుకు గోధుమ పూత ఉంది. మామూలు సిపాయి మస్కెట్టు ఆనాటికింకా ఇటుక పొడితో తోమి తళతళలాడించేదే. మెరిసే గొట్టం వేటగానికి రెండు విధాల శత్రువు: తుప్పు పడుతుంది, ఎండలో మెరిసి మృగాన్ని హెచ్చరిస్తుంది.

దక్షిణాపథంలో టీపు సుల్తాను (పాలన 1782-1799) శ్రీరంగపట్టణంలో చేయించిన తుపాకులలో పులిచారల అలంకారం తరచు కనబడుతుంది. మూస ఉక్కుకు పేరుపడిన మరొక చోటు తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రం. త్రికోణమితి సర్వేలో పనిచేసి 1824లో మరణించిన వైద్యుడు హెన్రీ వాయిసీ అక్కడి కొలుములను చూసి వ్రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుండి ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడు ఆయనకు ఆ గ్రామంలోనే తారసపడ్డాడు. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఇనుప చిట్టెపు దిబ్బలను, మూస పెంకులను సర్వే చేశారు. కొలిమి పెంకు నేలలో మిగులుతుంది. పూత పూసినవాని కుంచె, కుండ, తేమ గది మిగలవు. చరిత్రలో అతని వాటా చిన్నదిగా కనబడడానికి ఇదొక కారణం.

20వ శతాబ్దిలో కాస్టిక్ సోడా, నైట్రేటు ద్రవాన్ని 140 డిగ్రీల వరకు మరిగించి అరగంటలో నలుపు తెప్పించే పద్ధతి కర్మాగారాలను ఆక్రమించింది. ఆ తరువాత ఫాస్ఫేటు పూత, గట్టి క్రోమియం, కాల్చి గట్టిపరచే పింగాణీ రకపు రంగులు వచ్చాయి. ఉప్పుగాలికి, ఒరిపిడికి ఈ చివరివి పాత పూతలకంటె బాగా నిలుస్తాయనడంలో సందేహం లేదు. అయినా జంటగొట్టాల వేట తుపాకిని కాస్టిక్ తొట్టిలో ముంచరాదు. రెండు గొట్టాలను కలిపిన తగరపు అతుకును ఆ ద్రవం తినివేస్తుంది. అటువంటి తుపాకులకు నేటికీ ఆ పాత నెమ్మది తుప్పు పద్ధతే దిక్కు.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది. పాత తుపాకులు జమీందారీ ఇళ్లలోనూ, హైదరాబాదు సాలార్‌జంగ్ వంటి మ్యూజియములలోనూ ఉండిపోయాయి. వాటికి ఇప్పుడు ఎక్కువ హాని చేసేది వాన కాదు, గరుకు కాగితం. గోధుమ పొరను తుప్పు అని భ్రమించి తోమినవారు పూతను, దానితోబాటు జౌహర్ సుడులను కూడా చెరిపివేస్తున్నారు. మ్యూజియం నిపుణులు చేసేది వేరు. వదులు తుప్పును మాత్రం నూనెతో నానబెట్టి మెత్తగా తీసి, పాత పొరను అలాగే ఉంచి, దాని మీద సన్నని మైనం పట్టించి, వట్టి చేత్తో తాకకుండా పెట్టెలో ఉంచుతారు.