నాగమ్మకు ఏం కావాలి?

2018లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో సిల్వానస్ అనే రాణి టెల్డ్రాసిల్ అనే మహావృక్షాన్ని, దాని మీద బతికే జనంతో సహా తగలబెట్టించింది. ఎందుకు? ఆ ఆట ఆడేవాళ్లు రెండేళ్ల పాటు ఈ ఒక్క ప్రశ్న మీద కొట్టుకున్నారు. పాత డైలాగులు తవ్వారు, రాబోయే కథలో ఆమె ఏం చేస్తుందో లెక్కలు కట్టారు. చివరికి 2020 నవంబర్‌లో షాడోలాండ్స్ వచ్చి, ఆమె జైలర్ అనే ఇంకో పెద్ద విలన్‌తో చేతులు కలిపిందని తేల్చింది. చాలామందికి ఆ జవాబు రుచించలేదు. నాకైతే అస్సలు. తనకంటూ ఒక లెక్క ఉన్న మనిషి అనుకున్నాం, తీరా చూస్తే ఇంకెవరి పనో చేసిపెడుతోంది.

పల్నాడులో ఇలాంటి ప్రశ్నే తరాలుగా నడుస్తోంది. నాయకురాలు నాగమ్మకు అసలేం కావాలి? జవాబు చెప్పి తలుపు మూసెయ్యడానికి ఇక్కడ కంపెనీ లేదు కాబట్టి వాదన ఇంకా తెగలేదు. మా వైపు ఇళ్లలో కాస్త గట్టిగా మాట్లాడిన ఆడపిల్లని "అబ్బో, నాయకురాలు నాగమ్మ బయల్దేరింది" అనేస్తారు. ఆ మాట వింటూ పెరిగినవాళ్లకి నాగమ్మ ఏం చేసిందో తెలియకపోయినా ఫర్వాలేదు, చెడ్డదని తెలిస్తే చాలు.

ముందు కథ. 12వ శతాబ్దంలో అనుగురాజు వెలనాటి చోళుల ఇంటి అల్లుడై పల్నాడు ఏలాడు. ముగ్గురు భార్యలు. మైలమ కొడుకు నలగామరాజు, రెండో ఆమె కొడుకులు మలిదేవులు, మూడో ఆమె కొడుకుల్లో నరసింగరాజు. మంత్రి బ్రహ్మనాయుడు. అనుగురాజు పోయాక నలగాముడి కొలువులోకి నాగమ్మ వచ్చింది. జిట్టగామాలపాడులో పెరిగిన రెడ్ల ఇంటి పిల్ల, చిన్నప్పుడే భర్త పోయాడని చెబుతారు. ఆమెకీ బ్రహ్మనాయుడికీ పడలేదు. ఆయన మలిదేవులకు వాటా ఇప్పించి మాచర్లలో వేరే రాజ్యం పెట్టించాడు, గురజాల నలగాముడికి మిగిలింది. తర్వాత కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. మలిదేవులు ఓడి మందాడికీ, అక్కణ్ణించి త్రిపురాంతకం దగ్గరున్న మేడపికీ పోయారు. గడువు తీరాక రాయబారానికి వచ్చిన అలరాజును విషం పెట్టి చంపారు. ఇక కారంపూడిలో యుద్ధం. నాగులేటి ఒడ్డున దాదాపు అందరూ చచ్చిపోయారు.

కోడిపందెంలో మోసం, మందల మీద దాడి, విషం, అన్నీ నాగమ్మ ఖాతాలోనే పడ్డాయి. నలగామరాజు మాత్రం ఏమీ తెలియని అమాయకుడు. ఇది మనకు కొత్తేం కాదు. దశరథుడి ఇంట్లో మంథర, ధృతరాష్ట్రుడి ఇంట్లో శకుని. రాజును తిట్టడానికి నోరు రాని చోట పక్కనున్నవాళ్లను తిడతాం.

సరే, ఎందుకు చేసింది? ఎక్కువగా వినిపించే జవాబు మతం. ఆమె శైవ, బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు. అది కల్యాణంలో బసవన్న ఉద్యమం నడిచిన కాలమే, కాబట్టి గాలిలో ఆ వేడి ఉండే ఉంటుంది. కానీ కోడిపందెం షరతులో మతం లేదు, రాయబారంలోనూ లేదు. రెండు చోట్లా ఉన్నది భూమి.

ఇంకో జవాబు, బ్రహ్మనాయుడి చాపకూడును ఓర్వలేని పాతకాలపు పెత్తనానికి ఆమె ప్రతినిధి అని. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం, మాల కన్నమదాసును కొడుకుగా, సేనానిగా నిలబెట్టడం ఈ రోజుకీ చిన్న పనులు కావు. అయితే ఒక పల్లెటూరి విధవ రాజ్యానికి మంత్రి కావడం ఏ పాతకాలపు పద్ధతి? ఆ కొలువుల్లో ఇద్దరూ వింతే.

మూడోది కేవలం పగ, ఆడదాని పంతం. సినిమాలకు ఇది బాగా పనికొచ్చింది. 1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర వేశారు. పెద్ద నటీమణులకే ఇచ్చారంటే ఆ పాత్రలో బరువుందని నిర్మాతలకు తెలుసన్నమాట. వాళ్లకంటే ముందే ఉన్నవ లక్ష్మీనారాయణ తన నాటకానికి 'నాయకురాలు' అని పేరు పెట్టారు. తిట్టేవాళ్లు కూడా ఆమెను ఆ పేరుతోనే తిడతారు, అది నాకెప్పుడూ తమాషాగా ఉంటుంది.

నా ఊహ వేరు. ఆమెకు కావలసింది పంపకం జరగని పల్నాడు. ఇప్పుడు మాచర్ల, గురజాల దారుల్లో కనిపించే పత్తి చేలూ మిరప కళ్లాలూ చూసి ఆ కాలాన్ని ఊహించుకోకూడదు. సాగర్ కుడి కాలువలోకి నీళ్లు వదిలింది 1967లో. అంతకు ముందు ఇది జొన్నల సీమ, పశువుల సీమ, నాపరాళ్ల నేల. ఒక వైపు కృష్ణ, ఇంకో వైపు నల్లమల. ఇంత చిన్న సీమ మీద వచ్చే ఆదాయం ఒక కొలువుకు సరిపోవడమే కష్టం, రెండు కొలువులూ రెండు సైన్యాలూ ఎక్కణ్ణించి బతుకుతాయి? సవతి కొడుకుల మధ్య గట్టు తగాదాలు చూసిన పల్లెటూరి వాళ్లెవరికైనా ఇది అర్థమవుతుంది. ఆమె పల్లె నుంచే వచ్చింది.

ఈ లెక్కన చూస్తే కోడిపందెం దుర్మార్గంగా కాక తెలివిగా కనిపిస్తుంది. ఒక్క తల తెగకుండా పోటీ కొలువును ఏడేళ్లు బయటికి పంపింది. మందల మీద దాడి కూడా ఇందులో ఇముడుతుంది, క్రూరమైనదే అయినా. ఆ కాలానికి పశువులే ధనం. మంద పోతే సైన్యానికి తిండి పోయినట్టే.

ఇమడనిది అలరాజు చావు. అతను నలగామరాజుకు స్వయానా అల్లుడు. గడువు తీరింది, రాజ్యం అడగడానికి వచ్చాడు. ఇవ్వనంటే యుద్ధం, ఇస్తే మళ్లీ పంపకం. అల్లుణ్ణి చంపితే పంపకం ఆగదు, యుద్ధం మాత్రం తప్పక వస్తుంది, అదీ తప్పంతా మన మీద పడేలా. ఏడేళ్లు యుద్ధం లేకుండా గెలిచిన మనిషి చేసే పనిలా లేదిది. కొన్ని కథనాల్లో నరసింగరాజు పేరూ వినిపిస్తుంది. నా అనుమానం అటే. మలిదేవులు తిరిగొస్తే గురజాల కొలువులో చోటు ఇరుకయ్యేది అతనికి. నాగమ్మే చేయించి ఉంటే మాత్రం, అప్పటికి కొలువు ఆమె చెయ్యి దాటిపోయిందనుకోవాలి.

ఇదంతా ఊహే. ఎందుకంటే మన దగ్గరున్నది ఒక పక్షం మాట. శ్రీనాథుడిదిగా చెప్పే 'పల్నాటి వీరచరిత్ర' యుద్ధానికి 200 ఏళ్లు దాటాక వచ్చిన ద్విపద. మనకు దక్కినదాంట్లో ఎక్కువ చోటు బాలచంద్రుడిదే. జనం నోటి కథ వీరవిద్యావంతులది. జీన్ రోఘైర్ ఆ పాటనే సేకరించి, అనువదించి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. అది కారంపూడి వీరులగుడి ముందు, చనిపోయినవాళ్ల ఆయుధాలకు పూజ చేస్తూ పాడే పాట. శత్రువు మనసులో ఏముందో చెప్పడం దాని పని కాదు, అలా ఆశించడమే తప్పు. కన్నమదాసును తమవాడిగా నిలుపుకున్న మాలల గొంతులో ఆ కథ ఇన్నాళ్లు బతికిందన్నది నాగమ్మ మీది జాలి కంటే పెద్ద విషయం.

కార్తీకంలో 5 రోజులు జరిగే ఆ ఉత్సవం చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథలో కోడిపందెం రాయబారానికి చాలా ముందు, ఉత్సవంలో తర్వాత. (మన ఫ్లాష్‌బ్యాక్ సినిమాల కంటే ముందే స్క్రీన్‌ప్లే మార్చేశారు.) నాగమ్మ పేరున ఒక రోజంటూ లేదు గానీ, మధ్యలో మూడు రోజులూ ఆమె మీద వేసిన నేరాలే.

అన్నిటికంటే నన్ను ఆపేసేది ముగింపు. ఎక్కువ కథనాల్లో యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు నాగమ్మను క్షమించి వదిలేస్తాడు, నలగామరాజునే సింహాసనం మీద కూర్చోబెట్టి తను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోతాడు. దీన్ని ఆయన పెద్దమనసుగా చెప్పుకుంటాం. కావచ్చు. కానీ ఫలితం చూడండి. మలిదేవులు లేరు, మాచర్ల రాజ్యం లేదు, పల్నాడు మళ్లీ ఒకటే, దాని మీద నలగాముడే. నేననుకున్నదే ఆమె కోరికైతే అది తీరింది. కాకపోతే ఏలడానికి మనుషుల్లేరు.

ఆ తర్వాతి కథను కాకతీయులు రాశారు. యుద్ధంతో పల్నాడు, దాని వెనకున్న వెలనాడు రెండూ నీరసించాయని చరిత్రకారులంటారు. 13వ శతాబ్దం మొదట్లో గణపతిదేవుడి చేతికి తీరాంధ్రం వచ్చింది. గురజాలా మాచర్లా వేరని వాదించుకునే అవసరం ఓరుగల్లుకు లేదు.

బ్రహ్మనాయుడు బిలంలోకి వెళ్లాడు కాబట్టి ఆయన కథకు ఒక తలుపు ఉంది. భక్తులు ఆ బిలం ముందు ఇప్పటికీ నిలబడతారు. నాగమ్మ కథకు అలాంటి తలుపు లేదు. తెలంగాణ వైపు వెళ్లిపోయిందని కొందరంటారు. నన్నడిగితే ఆమె ఎక్కడికీ వెళ్లి ఉండదు. ఎవరికి ఎంత పొలం మిగిలిందో, ఏ ఇంట్లో మగదిక్కు లేదో, ఆ ఏడు శిస్తు ఎవరు కట్టగలరో చూడటానికి గురజాలలో ఎవరో ఒకరు ఉండాలి కదా.