సిరొంచ సీమలో అవ్వ, ఆంగ్లమున బెల్డం

ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి చేరువగా, కాళేశ్వరమునకు ఆవలి గట్టున సిరొంచ యున్నది. 1860లో నిజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయుల కప్పగింపగా, ఇది ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. 1960లో మహారాష్ట్ర రాష్ట్రమున, 1982లో నూతన గడ్చిరోలి జిల్లాలో చేరినది. తెలుగు, గోండి, మరాఠీ భాషలు కలిసి మెలగు ఈ సరిహద్దున వృద్ధస్త్రీని పిలుచు మాటలు పరిశీలింపదగినవి.

సిరొంచను ఆనుకొనియున్న తెలంగాణమున ‘అవ్వ’ యనగా తల్లి; తల్లిదండ్రులు ‘అవ్వయ్యలు’. రాయలసీమలో అవ్వ తల్లికి గాని తండ్రికి గాని తల్లి. కోస్తాలో ఏ ముదుసలినైనను అవ్వ యందురు. తమిళమున ‘అవ్వై’, కన్నడమున ‘అవ్వ’, గోండిలో తల్లికి ‘అవ్వల్’ కలవు. కావున ఈ మాటకు మూలము మాతృభావమే. మరాఠీలో వృద్ధురాలికి ‘మ్హాతారీ’ యని పేరు. ఇది ‘మిక్కిలి గొప్ప’ యను నర్థముగల సంస్కృత ‘మహత్తర’ శబ్దమునుండి పుట్టినది.

ఆంగ్లమున నేడు వాడుక తప్పిన ‘బెల్డం’ కూడ గౌరవముతోనే పుట్టినది. ‘బెల్’ ఫ్రెంచి నుండి వచ్చిన బంధుత్వసూచక పూర్వపదము. ‘డేమ్’ యనగా అమ్మ, దొరసాని. దాని మూలము గృహస్వామిని యను నర్థముగల లాటిను ‘డొమినా’. పదునైదవ శతాబ్దమున బెల్డం అనగా అమ్మమ్మ లేక నాయనమ్మ. క్రమముగా అది ఏ ముసలికైనను చెల్లి, పిదప గయ్యాళికిని, క్షుద్రవిద్యలు నేర్చినదానికిని నిందావాచకమయ్యెను. షేక్స్పియరు ‘మాక్బెత్’ నాటకమున మంత్రగత్తెల నీ మాటతోనే పిలిచిరి. 1735 నాటి చట్టముతో ఇంగ్లండున మంత్రగత్తెలను శిక్షించు విచారణలకు ఆధారము పోయినది. మాటకంటిన మచ్చ మాత్రము పోలేదు.

ఇట్టి ప్రమాదము మనకు దూరము కాదు. పల్లెలలో బిడ్డ జబ్బుపడినను, పశువు చచ్చినను, దిక్కులేని వృద్ధురాలిపై చేతబడి నింద మోపుట తెలుగునాటను, మహారాష్ట్రమునను కలదు. ఇట్టి దురాచారములను నేరముగా నెంచి మహారాష్ట్ర ప్రభుత్వము 2013లో చట్టము చేసినది. నిన్నటివరకు అవ్వయైన యామె మంత్రగత్తె యనిపించుకొన్ననాడు, ఆమెకు ఊరిలో రక్షణ లేకపోవును. ఆంగ్లమున ఒక మాటకు శతాబ్దములలో కలిగిన పతనము, ఇచట ఒక మనిషికి ఒక్కనాటిలో కలుగవచ్చును. తల్లిని, ముసలిని ఒకే మాటతో పిలుచు సంప్రదాయము మనకున్నది. ఆ మాటలోని అర్థమును నడవడిలో నిలుపుకొనుటయే దానికి తగిన మన్నన.