చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము

చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము: 1869వ సంవత్సరమున ప్రభుత్వముచే స్థాపింపబడి, తొలుత ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుల పర్యవేక్షణమున నడచిన గ్రంథాలయము. కావ్యములు, చరిత్రలు, శాస్త్రగ్రంథములు ఇందొక్కచో చేరుటకు కారణము ముందుగా నిర్ణయించిన పద్ధతి యేదియు కాదు, సంగ్రాహకుల అభిరుచిభేదమే.

చరిత్రభాగమునకు మూలపురుషుడు కర్నల్ కాలిన్ మెకంజీ. 1783లో భారతదేశమునకు వచ్చి, 1815లో సర్వేయర్ జనరల్ పదవి నందిన యీ స్కాట్లండు దేశీయుడు, ఏలూరి కావలి సోదరులైన వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మున్నగువారి సాహాయ్యమున శాసనములకు నకళ్లు వ్రాయించి, గ్రామ కరణముల కవిలెల నుండి కైఫీయతులను, అనగా గ్రామవృత్తాంతములను, సేకరించెను. ఏ చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ గుడి కే మాన్యము కలదో ఇవి చెప్పును. రాజవంశావళులలో నిట్టి సంగతులు కానరావు. ఆయన 1821లో మరణింపగా కుంపిణీవారు లక్ష రూపాయలకు ఆ సంచయమును కొనిరి. 1828లో విల్సను అను పండితుడు దీని పట్టికను ప్రకటించెను. దక్షిణదేశభాషల భాగము చెన్నపురి చేరినది. మరియొక సంగ్రాహకుడు, 1811లో జావాలో మరణించిన లేడెను పండితుడు. ఆయన గ్రంథములు లండనులో పడియుండెను.

లేడెను గ్రంథములకు వెలుగు చూపినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. సెలవుపై స్వదేశమున నున్న యీ కుంపిణీ ఉద్యోగి, 1837లో లండనులోని ఇండియా హౌసులో వానిని గుర్తించి, అధికారులను ఒప్పించి చెన్నపురికి రప్పించెను. అంతకు మునుపే కడపలో స్వంత ధనముతో పండితులను నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు పలుప్రతులను తెప్పించి, పాఠభేదములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించుట ఆయన ప్రశంసనీయమైన అలవాటు. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. శిథిలమగుచున్న మెకంజీ కాగితములకు నకళ్లు వ్రాయించినదియు నీతడే. ఆ శ్రమయే లేకున్న ఆంధ్రదేశ గ్రామచరిత్రలో పెక్కు భాగము చెదపురుగులపాలై యుండెడిది. బ్రౌను తన సంచయమును చెన్నపురి లిటరరీ సొసైటీకి అప్పగింపగా, అదియు తుదకు ఈ భాండాగారము చేరినది. ఈ సంచయములకు విలియం టెయిలరు వ్రాసిన మూడు సంపుటముల వివరణపట్టిక 1857–62 నడుమ వెలువడెను.

ఇందలి తాళపత్రములపై గంటముతో గీసిన అక్షరములు మసిగాని పసరుగాని పూసినప్పుడే స్పష్టముగా కనబడును. ఒక్క త్రాట గ్రుచ్చిన కట్టలోనే శతకము, వైద్యయోగములు, జాతకచక్రము చేరియుండుటయు కద్దు. అట్టి కట్టను ఏ తరగతిలో వేయవలయునో పట్టిక వ్రాయువానికి తోచదు.

శాస్త్రభాగమునకు మేలైన నిదర్శనము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. రాష్ట్రకూట నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో వెలసిన యీ సంస్కృతగ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. భాండాగారాధ్యక్షుడైన ఎం. రంగాచార్యులు ఇందలి ప్రతులను ఆధారముగా గొని మూలమును పరిష్కరించి, ఆంగ్లానువాదముతో 1912లో ప్రకటించెను. పిమ్మట కుప్పుస్వామిశాస్త్రి ప్రభృతులు గ్రంథప్రకటన కార్యమును సాగించిరి. చిరకాలము చేపాకమున విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనమున నుండిన యీ భాండాగారము, తరువాత కోటూరుపురమునందలి అన్నా శతజయంతి గ్రంథాలయమునకు తరలింపబడినది.