భరత్‌పూర్ బర్రెలు, వైస్రాయి తుపాకులు



పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక బిట్టు ఉంటది. కియోలాదేవ్ జాతీయ పార్కు ఏ రాష్ట్రంలో ఉంది? జవాబు రాజస్థాన్, భరత్‌పూర్. మా హాస్టల్లో అందరం బట్టీ కొట్టిందే. ఆ ఒక్క లైను వెనక ఏముందో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నాం. ఆ రాత్రి మెస్సులో అన్నం ముందు కూడా దాని గురించే మాట్లాడుకున్నాం. అందుకే ఈ పొడుగు పోస్టు, కొంచెం ఓపికతో చదవండి.

అది మొదటి నుంచీ పల్లపు నేల. వానాకాలంలో గంభీర్, బాణగంగ నదుల వరద వచ్చి అక్కడ నిలిచేది. భరత్‌పూర్ ఏలిన జాట్ రాజు సూరజ్‌మల్ 18వ శతాబ్దంలో అజాన్ బంధ్ అనే కట్ట కట్టించాడు. లోపల పాత శివుడి గుడి ఉంది, కియోలాదేవ్ అంటే ఆయనే. చుట్టుపక్కల జనం మాత్రం ఆ చోటుని ‘ఘనా’ అంటారు, అంటే దట్టంగా ఉన్నది అని. వాళ్ళ బర్రెలు అక్కడే మేసేవి, గడ్డీ కట్టెలూ అక్కడి నుంచే తెచ్చుకునేవాళ్ళు.

19వ శతాబ్దం చివర్లో సంస్థానం వాళ్ళు అజాన్ కట్ట నుంచి కాలువలు తీసి, పల్లంలో చిన్న చిన్న గట్లు వేసి, తూములు పెట్టి, నీళ్ళను మడుగులు మడుగులుగా నిలబెట్టారు. పొలాలకు కాదు. బాతుల్ని కాల్చడానికి! చలికాలంలో హిమాలయాల అవతల నుంచి వేలకు వేలు బాతులు దిగుతాయి కదా, వాటిని చూపించి రాజులు దొరల్ని పిలిచేవాళ్ళు. 1902లో వైస్రాయి కర్జన్ వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన వైస్రాయిలకు అదొక ఆనవాయితీ అయింది. 1938 నవంబర్ 12న వైస్రాయి లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కాల్చారు.

మేం కాగితం మీద లెక్కేసి చూశాం. పది గంటలు ఆపకుండా కాల్చారనుకున్నా నిమిషానికి ఏడు. ఈ లెక్కలు ఎవరో దాచిపెడితే బయటపడ్డవి కావు. వాళ్ళే రాతి పలకల మీద చెక్కించుకున్నారు, తేదీ, అతిథి పేరు, తుపాకులెన్ని, పిట్టలెన్ని. ఆ పలకలు ఇప్పటికీ గుడి దగ్గర ఉన్నాయి. మన పెద్దోళ్ళు ఉచ్చు వేసి ఒక కౌజుని పట్టి కూర వండుకుంటే అది నేరం. ఇది మాత్రం ఆట, పైగా శిలాశాసనం.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలని సాగుకి ఇవ్వాలని, నీళ్ళు పొలాలకి మళ్ళించాలని ఒత్తిడి వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అడ్డం నిలబడ్డాడు. ఆయన లేకపోతే ఆ మడుగులు మిగిలేవి కావేమో, ఆ మాట ఒప్పుకోవాలి. 1956లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. కానీ మాజీ మహారాజుకి వేట హక్కు మాత్రం అలాగే ఉంచారు. అది 1972 దాకా నడిచింది. అంటే పదహారేళ్ళు అభయం ఒకవైపు, తుపాకీ ఇంకోవైపు. అభయం ఎవరికో మాకైతే అర్థం కాలేదు.

మహారాజుకి పదహారేళ్ళు టైం ఇచ్చారు. ఊళ్ళవాళ్ళకి మాత్రం అంత టైం ఇవ్వలేదు. 29 చదరపు కిలోమీటర్ల చోటు చుట్టూ రాతిగోడ లేచింది. 1981లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, ఆ రోజుల్లోనే జాతీయ పార్కు అయింది. జాతీయ పార్కు అంటే పశువులు మేపకూడదు. 1982 నవంబర్‌లో మేత ఆపేశారు. తరాలుగా బర్రెల్ని తోలుకెళ్ళిన జనం గోడ దగ్గరికి వచ్చి అడిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు.

వాళ్ళు ఆదివాసులేం కాదు, మామూలు రైతులు, పశువులున్నోళ్ళు. అయినా ఈ భాగం చదువుతుంటే మాలో ఒక్కరూ మాట్లాడలేదు. మేకల్ని అడవిలోకి తోలినందుకు జుల్మానా కట్టిన ఇళ్ళ నుంచి వచ్చినోళ్ళమే అందరం.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు 1980లలో ఏళ్ళ తరబడి అక్కడ పరిశోధన చేశారు. పశువులు పార్కుకి చేటు, మేత ఆపాలి అన్నవాళ్ళలో ఆ సంస్థ కూడా ఉంది. నిషేధం తర్వాత చూస్తే మడుగుల్లో పాస్పాలం అనే నీటి గడ్డి విపరీతంగా పెరిగిపోయింది. ఇంతకుముందు దాన్ని బర్రెలే తినేవి, మోకాలి లోతు నీళ్ళలో దిగి మరీ మేసేవి. బర్రెలు పోయాక గడ్డి చాపలా కమ్మేసింది. బాతులకి ఈదడానికి తేట నీళ్ళు తగ్గాయి. సైబీరియా కొంగలు నీటి అడుగు బురదలో దుంపలు తవ్వుకు తింటాయి, వాటికీ కష్టమైంది. మేత వల్ల పార్కుకి మేలే జరిగిందని చివరికి వాళ్ళ పరిశోధనే చెప్పింది. తమ మాట తప్పని తేలినా దాచకుండా రాశారు, అది మెచ్చుకోవాలి. తర్వాత గడ్డి కోసుకోవడానికి ఊళ్ళవాళ్ళని రానిచ్చారు. చనిపోయినోళ్ళు మాత్రం తిరిగి రారు.

పక్షుల్ని కాపాడటం అంటే ఇంతేనా అంటే కాదు. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ ఉంది. ఆ పేరుకి అర్థం వేటగాడి ఊరు అని. అక్కడ చెరువులో చెట్ల మీద కొంగలు గూళ్ళు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి పారితే వేరే ఎరువు అక్కర్లేదు. 18వ శతాబ్దం చివర్లో తెల్ల సిపాయిలు ఆ పిట్టల్ని కాలుస్తుంటే ఊరోళ్ళే కలెక్టర్ దగ్గరికి పోయి, ఎవరూ కాల్చకూడదని కౌలు కాగితం రాయించుకున్నారు. 1858లో దాన్ని మళ్ళీ ఖాయం చేయించుకున్నారు. మన నేలపట్టులో కూడా అంతే, కడప చెట్ల మీద గూడబాతులు, ఆ చెరువు నీళ్ళే పొలాలకి. అభయారణ్యం అని 1976లో ప్రకటించారు గానీ, పిట్టలకీ ఊరికీ పొత్తు అంతకు ముందుదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2006 అటవీ హక్కుల చట్టంలో పశువుల మేత కూడా హక్కే అని రాసి ఉంది. వన్యప్రాణుల కోసం ఏదైనా చోటు నుంచి జనాన్ని కదిలించాలంటే ముందు వాళ్ళ హక్కులు గుర్తించాలి, వాళ్ళు ఉండటం వల్ల కోలుకోలేని నష్టం జరుగుతుందని తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. భరత్‌పూర్‌లో ముందు గేటు మూశారు, రుజువు తర్వాత వెతికారు. అది దొరికింది కూడా, కాకపోతే బర్రెల తరఫున! గ్రామసభలో ఎవరైనా మేకల వల్లే అడవి పోతుంది అంటే, ఏ పరిశోధన చెప్పింది సార్ అని అడగటానికి ఈ కథ పనికొస్తది.

మీ ఊళ్ళో పిట్టలు గూళ్ళు కట్టే చెట్టో, చెరువో, దాన్ని ముట్టుకోకూడదనే కట్టుబాటో ఉంటే, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాతల్ని, అవ్వల్ని అడిగి కింద రాయండి. ఊరి పేరు, చెట్టు పేరు, ఏ నెలలో వస్తాయో, ఎవరు కాపలా ఉండేవాళ్ళో. మేం కూడా మా ఊళ్ళవి రాసుకొస్తాం.